"మన బడిలో అలాంటి పిల్లలున్నారా?"

తల్లిదండ్రులకు, మనవల్ని బడికి పంపుతున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు నమస్కారం.

డిసెంబరు 1 ప్రపంచ ఎయిడ్స్ దినం కదా, బయాలజీ టీచరు తొమ్మిదో తరగతి పిల్లలకు హెచ్‌ఐవి గురించి పాఠం చెప్పారు. ఆ సాయంత్రం నుంచే నాకు ఫోన్లు. పాఠం గురించి మాట్లాడినవాళ్లు ఒకరిద్దరే. మిగతావాళ్లంతా తిప్పి తిప్పి ఒకటే అడిగారు: "మేడం, మన బడిలో అలాంటి పిల్లలెవరైనా ఉన్నారా?"

విడివిడిగా చెప్పే బదులు అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. ఉన్నారని చెప్పను, లేరనీ చెప్పను. ఎప్పుడడిగినా ఇంతే. ఈ ఏడాది "లేరండీ" అనేసి, వచ్చే ఏడాది నోరు మెదపకపోతే, దాన్ని మీరు "ఉన్నారు" అనే అర్థం చేసుకుంటారు. ఆ తర్వాత ఎవరా అని ఆరా మొదలవుతుంది. తరచూ సెలవు పెట్టే పిల్లలు, సన్నగా ఉన్న పిల్లలు, నాన్న లేని పిల్లలు అందరి నోళ్లలో నలుగుతారు.

చట్టం కూడా నన్ను చెప్పనివ్వదు. హెచ్‌ఐవి, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. బడిలో చేర్చుకోవడానికి హెచ్‌ఐవి పరీక్ష కాగితం అడగకూడదు. హెచ్‌ఐవి ఉందని సీటు ఇవ్వకపోవడం, వేరే బెంచీలో కూర్చోబెట్టడం కుదరదు. నమ్మి చెప్పిన విషయాన్ని వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. హెచ్‌ఐవి ఉన్నవాళ్ల మీద ద్వేషం రెచ్చగొట్టే రాతలకు 3 నెలల నుంచి 2 ఏళ్ల వరకు జైలు శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో "ఫలానా వాళ్ల అమ్మాయట" అని మెసేజ్ పెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

"మరి మా పిల్లల సంగతేంటి?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. మొన్న కబడ్డీలో ఒకబ్బాయి మోకాలు బాగా చెక్కుకుపోయింది. పీఈటీ సారు ముందు చేతులకు గ్లవ్స్ తొడుక్కున్నారు. గాయాన్ని కుళాయి కింద కడిగి, గాజుగుడ్డ కట్టారు. రక్తం అంటిన దూదిని విడి కవర్లో వేసి, అరుగు మీద పడ్డ చుక్కల్ని బ్లీచింగ్ నీళ్లతో తుడిపించారు. "నాకేమైనా రోగముందా సార్?" అని వాడు బిక్కమొహం వేశాడట. ఏ పిల్లాడికైనా, ఏ టీచరుకైనా మా పద్ధతి ఇదే. ఎవరి రక్తంలో ఏముందో మొహం చూసి చెప్పలేం, పైగా కాలేయానికి సోకే హెపటైటిస్ బి రక్తం ద్వారా హెచ్‌ఐవి కంటే తేలిగ్గా అంటుకుంటుంది. అందరికీ ఒకే జాగ్రత్త తీసుకుంటున్నప్పుడు ఎవరికి ఉందో తెలుసుకోవలసిన పనే లేదు.

మధ్యాహ్న భోజనం పళ్లేలు, మంచినీళ్ల గ్లాసులు, చెమట, దోమలు, మరుగుదొడ్లు: వీటివల్ల హెచ్‌ఐవి రాదు. రక్షణ లేని లైంగిక సంబంధం, హెచ్‌ఐవి ఉన్నవాళ్ల రక్తం ఎక్కించడం, వాళ్లకు వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు. అది వచ్చే దారులివి.

మీలో చాలామంది బడిలో ఉన్న రోజుల్లో ఊళ్లలో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని ఎయిడ్స్ అవగాహన హోర్డింగులు ఉండేవి. జనం చేత ఆ మాట ఎత్తించడంలో ఆ ప్రచారం గట్టిదే. కానీ ఆనాటి భయం మాత్రం మనలో అలాగే ఉండిపోయింది. కేరళలోని కొల్లం జిల్లాలో హెచ్‌ఐవి ఉన్న ఇద్దరు అనాథ పిల్లలు బడికొస్తే మా పిల్లల్ని మానిపించేస్తామని తోటి తల్లిదండ్రులు పట్టుబట్టారు. 2003లో అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రి సుష్మా స్వరాజ్ ఆ పిల్లల్ని అందరి ముందూ దగ్గరకు తీసుకోవలసి వచ్చింది.

వైద్యం మాత్రం చాలా దూరం వచ్చింది. హెచ్‌ఐవిని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది, తొలి రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇప్పుడు చాలామంది పెద్దలకు రోజుకు ఒక్క మాత్ర. హెచ్‌ఐవి ఉన్న గర్భిణికి వైద్యమే అందకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకే వైరస్, మందులు సరిగా వాడితే 5 కంటే తక్కువమందికే సోకుతుంది.

ఇక బడి తరఫున కొన్ని మాటలు. సెలవు చీటీలో "ఆసుపత్రికి వెళ్లాలి" అని రాస్తే చాలు, ఏ ఆసుపత్రి, ఏ జబ్బు అని టీచర్లు అడగరు. వేళకు మాత్ర వేసుకోవాల్సిన పిల్లలెవరైనా, ఏ జబ్బుకైనా సరే, స్టాఫ్ రూముకు వచ్చి వేసుకోవచ్చు. ఇంకొకటి చాలామందికి తెలియదు. హెచ్‌ఐవి బారిన పడిన కుటుంబంలో 12 ఏళ్లు నిండిన అక్కో అన్నో ఇల్లు నడుపుతుంటే, తగిన అవగాహన ఉంటే, తమ్ముడినో చెల్లినో బడిలో చేర్పించడానికి చట్టప్రకారం సంరక్షకులు కావచ్చు. అలాంటివాళ్లు మీకు తెలిస్తే "పెద్దవాళ్లు లేరు కదా" అని ఆగిపోవద్దని చెప్పండి, నేరుగా నా గదికి పంపండి.

పరీక్ష చేయించుకోవాలనుకునేవాళ్లకు ప్రభుత్వాసుపత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవి సలహా, పరీక్షా కేంద్రంలో, ఉచితంగా చేస్తారు, వివరాలు బయటికి పోవు. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే డబ్బులు పడవు. మన రాష్ట్రంలో ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ. 4000 పింఛను ఉంది. అర్హత సంగతి ఏఆర్‌టీ సెంటర్లో కనుక్కోండి.

వచ్చే శనివారం తల్లిదండ్రుల సమావేశానికి ఐసీటీసీ కౌన్సెలర్ వస్తున్నారు. లేచి అడగడానికి మొహమాటమైతే ప్రశ్న చీటీ మీద రాసి ఆఫీసు గుమ్మం దగ్గరి డబ్బాలో వేయండి. పేరు రాయనక్కర్లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు