సౌర ఇంధనం వార్తలో అసలు సంగతే లేదు

సంపాదకునికి,

అయ్యా! సౌరఫలకాల్లో వాడే సిలికాన్ పలకతో, ఎండ సాయంతో నీటినుంచి ఇంధనంగా వాడే హైడ్రోజన్ తీయడం గురించి పది రోజుల కిందట మీరు వేసిన వార్త చదివినప్పటినుంచీ నాకు మనసు కుదుటపడలేదు. తెలిసినవారు ఎవరైనా రాస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పినవాడిని, ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

పలకను నీళ్లలో ముంచితే మిగతా పని ఎండే చూసుకుంటుందట! నీటిని విడగొట్టేటప్పుడు ఆక్సిజన్ వెలువడే ధ్రువంగా (ఎలక్ట్రోడ్‌గా) ఉత్త సిలికాన్‌ను వాడితే దాని ఒంటిమీద ఆక్సైడ్ పొర పేరుకుంటుంది. అల్యూమినియం గిన్నెను దాని ఆక్సైడే కాపాడినట్టు ఇదీ కాపాడుతుందనుకుందాం. కానీ ఈ పొర విద్యుత్తును పోనివ్వదు. పలక మిగులుతుంది, పని ఆగిపోతుంది. ఈ పనికి వాడే గాఢమైన క్షారంలో ఉంచితే పలకే కరిగిపోతుంది. అందుకే దానికి పూత కావాలి. ఆ ‘పూత’ అన్న మాట మీ వార్తలో ఒక్కసారి కూడా లేదు. కళాయి వేయించని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాయకూడదని మా అమ్మకు తెలుసు. ఆమె ఏనాడూ బడికి వెళ్లలేదు.

ఈ రంగంలో ఏళ్ల తరబడి జరిగిన శ్రమంతా ఆ పూత కోసమే. అది నీటిని లోపలికి రానివ్వకూడదు, వెలుతురును ఆపకూడదు, విద్యుదావేశానికి దారి మూయకూడదు. 1972లో జపాన్ శాస్త్రవేత్తలు ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్‌తో నీటిని విడగొట్టి చూపారు. గోడలకు వేసే తెల్లరంగులో ఉండేది ఈ పదార్థమే. అది నీటిలో చెక్కుచెదరదు, కానీ ఎండలో కొద్దిపాటిగా ఉండే అతినీలలోహిత కిరణాలనే తీసుకుంటుంది. సిలికాన్ ఎండలో ఎక్కువ భాగాన్ని పట్టుకుంటుంది, నీటిలో నిలవదు. టైటానియం డయాక్సైడ్‌ను సిలికాన్‌కు తొడిగితే? 2011లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వారు రెండే నానోమీటర్ల (నానోమీటరంటే మీటరులో వందకోట్ల వంతు) మందాన తొడిగి చూపారు. 2014లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థలో నాథన్ లూయిస్ బృందం ఆ పూతను 143 నానోమీటర్ల దాకా పెంచింది. అంత మందమైతే సిలికాన్‌లో ఎండకు పుట్టే ధనావేశం పూతను దాటి నీటిని చేరలేదని అప్పటిదాకా నమ్మకం. కాల్చి స్ఫటికంగా మార్చకుండా వదిలేసిన పూత, తన లోపాల వల్లనే, దారి ఇచ్చింది! పైన నికెల్ చేర్చిన ఆ పలక గాఢక్షారంలో వంద గంటలకు పైగా పనిచేసింది. మరుసటి ఏడాది అదే బృందం నికెల్ ఆక్సైడ్ పూతతో 1,200 గంటలు దాటించింది. ఈ కథ చెబితే వెనక బల్లమీద కునికే పిల్లవాడు కూడా లేచి కూర్చుంటాడు. దీన్ని వదిలేసి మీరు ‘పెట్రోలుకు కాలం చెల్లింది’ అని శీర్షిక పెట్టారు.

1,200 గంటలంటే యాభై రోజులు. అదీ ప్రయోగశాలలో, ఎడతెగని వెలుతురులో. ఇంటిమీద పెట్టుకునే సౌరఫలకాలకు అమ్మేవాళ్లు పాతికేళ్ల హామీ ఇస్తున్నారు. పూతలో సూదిమొనంత రంధ్రం ఉన్నా చాలు, రాత్రి వెలుతురు లేని వేళ క్షారం లోపలికి దిగి సిలికాన్‌ను తినేస్తుంది. ఆ యాభై రోజులకూ ఈ పాతికేళ్లకూ మధ్య ఎంత దూరముందో పాఠకుడికి చెప్పవలసింది మీరే కదా?

పైగా మన జిల్లా తీరంలోని పూడిమడక హైడ్రోజన్ కేంద్రాన్ని ఆ వార్తలోకి లాగారు. 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేసిన ఆ కేంద్రంలో, ఎక్కడో పుట్టిన సౌర, పవన విద్యుత్తును తెచ్చి ఎలక్ట్రోలైజర్లకు, అంటే కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రాలకు, ఇస్తారు. నీటిలో సిలికాన్ పలకల ఊసే అక్కడ లేదు. ‘మాస్టారూ, మన సముద్రంలో అద్దాలు దింపుతారట, వలలు తెగవా?’ అని మొన్న ఒక మత్స్యకారుడు నన్ను అడిగాడు. అతని భయానికి జవాబుదారీ ఎవరు?

అధికారుల తీరూ ఇలాగే ఉంది. 2023లో కేంద్రం హరిత హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్లు ప్రకటించింది. పరిశోధనకు అందులో 400 కోట్లు, అంటే నూటికి రెండు రూపాయలు. భీమునిపట్నం తీరపు ఇసుకలో టైటానియం ఖనిజం ఉంది, దాన్ని తవ్వడం గురించి మాట్లాడేవారు బోలెడుమంది. దానితో ఏం చేయవచ్చో పిల్లలకు చూపే ప్రయోగశాల ఎక్కడుంది? నేను పనిచేసిన కళాశాలలో చివరి ఏళ్లలో సిల్వర్ నైట్రేట్ కొనడానికి డబ్బు ఇవ్వలేదు. చేయని ప్రయోగాలకు మార్కులు మాత్రం వేయమన్నారు. నేను వేయనన్నాను. వేరొకరిచేత వేయించారు.

దయచేసి ఆ వార్తకు సవరణ వేయండి. పలకకు ఏ పూత వేశారో, ఏ ద్రావణంలో ఎన్ని గంటలు నిలిచిందో అందులో ఉండాలి. పూడిమడక పేరు తీసేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు,
అనకాపల్లి జిల్లా