క్రీడా శాఖ మంత్రి గారికి ఒక తండ్రి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ క్రీడా శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది సికింద్రాబాద్. మా అబ్బాయికి 12 ఏళ్లు, క్రికెట్ అంటే ప్రాణం. 2025 ఐపీఎల్‌లో వైభవ్ సూర్యవంశీ 14 ఏళ్లకే 35 బంతుల్లో సెంచరీ కొట్టిన రాత్రి ఇంటిల్లిపాదీ గంతులేశాం. మర్నాటి నుంచి గ్రౌండ్ బయట తల్లిదండ్రుల మాటలే మారిపోయాయి. "వాడికి 14, నీకు 12. ఇంకెప్పుడు?" అని పిల్లల్ని నిలదీస్తున్నారు. నేనూ ఒకసారి అన్నాను, ఇప్పటికీ బాధగా ఉంది.

మన సిరాజ్, ఆటో నడిపిన తండ్రి కొడుకు, మొదటి ఐపీఎల్ మ్యాచ్ ఆడేసరికి 23 ఏళ్లు. సింధు రియోలో రజతం గెలిచేసరికి 21. ఆ మధ్య ఏళ్ల కష్టాన్ని టీవీలు చూపించవు, వేలంలో పలికిన కోట్లే చూపిస్తాయి.

మొన్న ఒక కోచింగ్ సెంటర్ మావాడు డకౌట్ అయిన వీడియోని రీల్‌గా పెట్టింది. కింద కామెంట్లు చదివి వాడు నాలుగు రోజులు బడికి వెళ్లలేదు. రాత్రిళ్లు నిద్రలో ఉలిక్కిపడేవాడు.

అయ్యా, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా పిల్లల వీడియోలు పెట్టకూడదని అకాడమీలకు నిబంధన పెట్టండి. ఎల్బీ స్టేడియంలో వారానికి ఒక్కరోజైనా పిల్లల టెన్షన్ వినే సైకాలజిస్టును కూర్చోబెట్టండి. మావాణ్ని మొదటి రోజే తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక తండ్రి