పికప్ తీసేసిన గిటారు గురించి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. గిటారులోంచి పికప్‌నూ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం), ఆ సంకేతాన్ని పెంచే ప్రీయాంప్‌నూ ఎట్టకేలకు తీసేశావని తెలిసి సంతోషించాను. అయితే ప్రీయాంప్ ఉన్న చోట పక్కచెక్కకు మిగిలిన ఆ నలుచదరపు కన్నం గురించి నువ్వు పడుతున్న దిగులు మాత్రం నాకు సబబుగా తోచలేదు. గిటారు మోగే తీరులో ఆ కన్నానికి ఉన్న పాత్ర స్వల్పం. అసలు తేడా నువ్వు ప్రస్తావించనైనా ప్రస్తావించని చోట, అంటే బ్రిడ్జిలో (పైచెక్క మీద తీగలను పట్టి ఉంచే చెక్క) శాడిల్ (తీగలు ఆనుకునే సన్నని బద్ద) కూర్చునే గాడిలో వచ్చింది. కాబట్టి మరమ్మతు అక్కడి నుంచే మొదలుపెట్టు.

ఒత్తిడి పడినప్పుడు కొన్ని స్ఫటికాలలో విద్యుదావేశం పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు కదా, నీ శాడిల్ కింద పరిచి ఉన్న పికప్ పట్టీ పనిచేసింది ఆ గుణంతోనే. పట్టీని లాగేయగానే శాడిల్ దాని మందం మేరకు కిందికి దిగిపోయింది. పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) తీగ పొడవుకు సగంలో ఉంటుంది గనుక, శాడిల్ 1 మిల్లీమీటరు దిగితే అక్కడ తీగ ఎత్తు సుమారు అర మిల్లీమీటరు తగ్గుతుంది. లావు తీగలు ఫ్రెట్లకు తగిలి జరజరమంటున్నాయని నువ్వు రాసినదానికి కారణం చాలామటుకు ఇదే అయి ఉంటుంది. పాత శాడిల్ కింద అట్టముక్కో, ప్లాస్టిక్ ముక్కో పెట్టి ఎత్తు సరిచేయవచ్చునని ఎవరైనా చెబితే వినకు. తీగల కంపనం బ్రిడ్జికీ, పైచెక్కకూ చేరే దారిలో మెత్తని పొరను మనమే తెచ్చి పెట్టినట్లవుతుంది. ఎముకతో కొత్త శాడిల్ చేసుకోవడమే మేలు.

శాడిల్ అడుగు చదునుగా ఉండాలనేదే ఇందులో ప్రాణం. అడుగంతా పెన్సిలుతో నల్లగా రుద్ది, అద్దం పలక మీద పరిచిన ఉప్పుకాగితంపై నిటారుగా పట్టుకుని రెండు మూడు సార్లు మెల్లగా లాగి చూడు. నలుపు ఇంకా మిగిలిన చోట పల్లం ఉన్నట్టు. నలుపంతా ఒకేసారి పోయేదాకా ఓపిక పట్టాలి. గాడిలో అది వేలితో నొక్కితే దిగాలి, గిటారును బోర్లిస్తే జారిపోకూడదు. గాడి అడుగున వైరు దూరిన చిన్న రంధ్రాన్ని గట్టి కర్రపుల్లతో, జిగురుతో బిగించి, గాడికి సమంగా చెక్కేయి. ఇదంతా పూర్తయ్యాక తీగలు బిగించి ఒకసారి వాయించు. పక్కకన్నం సంగతి ఆ తరువాత ఆలోచించవచ్చు.

ఆ కన్నాన్ని అలాగే వదిలేస్తే అది పైచెక్క మీది గుండ్రటి సౌండ్ హోల్‌కు తోడుగా ఇంకో చిన్న సౌండ్ హోల్‌లా పనిచేసి, డొల్లలోని గాలి మోగే స్వరాన్ని కొద్దిగా పైకి జరుపుతుంది. వాయించేవారికి తమ ధ్వని తమకు బాగా వినబడాలని కొందరు తయారీదారులు కావాలనే పక్కచెక్కకు రంధ్రం పెడతారు కూడా! భయమల్లా పగుళ్ల గురించే. సుమారు 2 మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే ఆ పలుచని చెక్కలో చీలికలు సాధారణంగా కన్నం మూలల దగ్గరే మొదలవుతాయి. అందుచేత ముందు మూలలను గుండ్రంగా అరగదీసి, లోపలివైపు కన్నం కంటే అన్ని వైపులా కాస్త పెద్దదైన పలుచని చెక్కను ఆసరాగా అతికించి, దాని మీద బయటినుంచి సరిపడే ముక్కను కూర్చు. అక్కడ పక్కచెక్క వంపు తిరిగి ఉంటుంది. చదును ముక్కను క్లాంపులతో బలవంతంగా వంచి అతికిస్తే, అది ఎప్పటికైనా జిగురును తెంచుకోవాలనే చూస్తుంది. ముక్కను ముందే తడిపి వేడిమీద వంచి, ఆరాక జిగురు లేకుండా ఒకసారి కూర్చి చూసుకో.

అతుకు కనబడకుండా చేయాలని మాత్రం పట్టుబట్టకు. నైట్రో లాకర్ పూత అయితే కొత్త పొర పాతదానిలో కరిగి కలిసిపోతుంది. పాలియెస్టర్ పూత అలా కలవదు, ఎంత మెరుగుపెట్టినా అంచున సన్నని గీత మిగులుతుంది. నన్నడిగితే నల్లని చెక్కతో దర్జాగా కనబడే అతుకు వేయడమే అందం.

ఇక అడుగున జాక్ (వైరు గుచ్చే చోటు) ఉండిన రంధ్రం సులువు. దానికి సరిపడే లావుపాటి ఎండ్‌పిన్ (భుజం పట్టీ తగిలించే గుబ్బ) దొరికితే సరే, లేకపోతే గట్టి చెక్క బిరడాతో మూసి, మామూలు ఎండ్‌పిన్ కోసం మళ్లీ సన్నగా తొలిపించుకో.

శాడిల్ గాడి పొడవు, వెడల్పు, లోతు కొలిచి వెంటనే రాసి పంపు. ఎముక ముక్క నా దగ్గర సిద్ధంగా ఉంది, అరగదీయడం మొదలుపెడతాను.

ఇట్లు,
నీ మిత్రుడు