దసరా సెలవులకు ఇంటికి తీసుకెళ్లే పుస్తకాలు: ఈసారి అమ్మల కోసం

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రతి నెలా ఈ ఉత్తరంలో పిల్లల చదువు గురించే రాస్తుంటాం. ఈసారి మీ చదువు గురించి, అందులోనూ అమ్మల చదువు గురించి రాస్తున్నాను. పరీక్షల చదువు కాదు. వంటిల్లు సర్దేశాక, ఎవరికీ అప్పజెప్పే పని లేకుండా, తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రంతో చదువుకునే చదువు. ఇంట్లో పుస్తకం పిల్లల చేతిలో తప్ప ఇంకెవరి చేతిలోనూ కనబడకపోతే, అది పెద్దయ్యాక వదిలించుకునే బరువేనని పిల్లలు అనుకుంటారు. 'చదువుకో' అని పదిసార్లు చెప్పేకన్నా వాళ్ల కళ్లెదుట పది పేజీలు చదవడం నయం.

అందుకే సెలవులకు ముందు శనివారం నుంచి బడి గ్రంథాలయంలో పెద్దల కోసం ఒక బీరువా తెరుస్తున్నాం. అందులో ఎక్కువ భాగం ఆడవాళ్లు రాసిన కథలు, నవలలు. దేనితో మొదలుపెడితే మధ్యలో ఆగిపోకుండా ఉంటారో, ఏది ఎవరికి నచ్చుతుందో చెబుతాను.

చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పట్టేవాళ్లు తరచూ ఒక పొరపాటు చేస్తారు. ఏదో అవార్డు వచ్చిందని, అందరూ మెచ్చుకున్నారని ఐదారు వందల పేజీల నవల తెచ్చుకుంటారు. నలభయ్యో పేజీ దగ్గర పిల్లలకు జ్వరమో, ఇంటికి చుట్టాలో వస్తారు. వారం తర్వాత తెరిస్తే ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుండదు. పుస్తకం అటక ఎక్కుతుంది, 'నాకింక చదవడం చేతకాదు' అన్న దిగులు మిగులుతుంది. చేతకాకపోవడం కాదు, ఆ పుస్తకానికి అది సమయం కాదు, అంతే. మొదటి నెల కథల సంపుటాలే పట్టుకెళ్లండి. ఎనిమిది పేజీల కథ పావుగంటలో, మహా అయితే ఇరవై నిమిషాల్లో కూర్చున్నచోటే అయిపోతుంది. మర్నాడు వీలుపడకపోయినా తెగిపోయే దారం ఏమీ ఉండదు.

ఎవరికైనా మొదట చేతిలో పెట్టేది పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే'. ఆ పేరుతోనే ఉన్న కథలో ఒక ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరేమిటో మరిచిపోయానని గ్రహిస్తుంది. ఇంట్లో అందరూ ఏదో ఒక వరసతో పిలుస్తారు తప్ప పేరు పెట్టి పిలిచేవాళ్లే లేరు. ఆ పేరు వెతుక్కుంటూ ఆమె ఎక్కడిదాకా వెళ్లిందో, ఎవరి నోట అది దొరికిందో కథలోనే చదవండి. ఏడో తరగతి పైబడిన పిల్లలు కూడా ఈ కథను ఇట్టే అందుకుంటారు. ఆ పక్కనే అబ్బూరి ఛాయాదేవి గారి 'తన మార్గం' ఉంటుంది, 2005లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన సంపుటం. ఆమె 'బోన్సాయ్ బ్రతుకు' కథ కూడా వెతుక్కుని చదవండి. కుండీలో కత్తిరించి కత్తిరించి పెంచిన చెట్టునూ, ఆరుబయట తన ఇష్టానికి ఎదిగిన చెట్టునూ పక్కపక్కన చూపించి, ఆడపిల్లల పెంపకం గురించి చెప్పాల్సిందంతా ఆమె చెప్పేశారు. ఎక్కడా గొంతు పెంచరు.

పురాణాల మీద ఇష్టం ఉన్నవాళ్లు ఓల్గా గారి 'విముక్త' తీసుకోండి. చిన్న పుస్తకం, ఐదే కథలు. 2015లో దీనికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. సీతకు వేర్వేరు సందర్భాల్లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఎదురవుతారు. ఒక్కొక్కరితో మాట్లాడాక సీత ఒక్కో మెట్టు ఎక్కుతుంది. ఐదో కథ రాముడి వైపు నుంచి నడుస్తుంది. కాబట్టి ఈ పుస్తకాన్ని మధ్యలోంచి తెరవకండి, వరసలోనే చదవాలి. రామాయణం నేర్పిన బామ్మలు ఇంట్లో ఉంటే మొదటి కథ 'సమాగమం' వాళ్లకు చదివి వినిపించండి. ఒప్పుకోకపోవచ్చు, వాదనకు దిగవచ్చు. ఆ వాదన పిల్లలు వినడం మంచిదే.

ఇక మన ప్రాంతపు పుస్తకం. ఎండపల్లి భారతి గారిది మదనపల్లె వైపు పల్లె. గ్రామీణ మహిళలే విలేకరులుగా నడిపిన 'నవోదయం' పత్రికలో పనిచేశారు. 'ఎదారి బతుకులు' ఆమె కథల పుస్తకం. కూలి పనులు, ఎనుములు, కరువు, మాదిగవాడ ఆడవాళ్ల కష్టం, వాళ్ల నవ్వులు అన్నీ చిన్నచిన్న కథల్లో, మన చిత్తూరు యాసలోనే ఉంటాయి. దీన్ని చదవడంలో చాలామంది తడబడే చోటు ఒకటుంది, దాని విరుగుడు కూడా చెబుతాను. యాసను మనం చెవితో నేర్చుకున్నాం. కంటితో చదివిన తెలుగంతా పాఠ్యపుస్తకాల తెలుగే. అందుకే రోజూ నోట్లో ఆడే మాట అచ్చులో కనబడితే కన్ను ఒక్కసారిగా ఆగుతుంది. గెనిమ, కయ్య, పొరక, చెనిక్కాయలు ఇంట్లో అందరికీ తెలిసిన మాటలే, కాగితం మీద మాత్రం కొత్తగా కనిపిస్తాయి. మొదటి రెండు పేజీలు పైకి చదవండి. మూడో పేజీకి చెవి అందుకుంటుంది, తర్వాత మౌనంగా చదివినా ఆ గొంతు లోపల వినిపిస్తూనే ఉంటుంది. నామిని సుబ్రమణ్యం నాయుడు గారి 'పచ్చనాకు సాక్షిగా' విషయంలోనూ ఇదే దారి. రాసింది మగవారే అయినా, మన పల్లెల్లో అమ్మలు ఎట్లా మాట్లాడతారో తెలియాలంటే అది చదవాల్సిందే.

చదవడం రాని అమ్మలకూ, అవ్వలకూ ఈ యాస పుస్తకాలే సరైనవి. పిల్లలు చదువుతారు, వాళ్లు వింటారు. పిల్లలు ఏ మాట దగ్గర తడబడినా అర్థం చెప్పేది ఈసారి అవ్వే. పుస్తకం విషయంలో ఇంట్లో పెద్దరికం చదువు రాని మనిషి చేతికి వచ్చే ఆ పది నిమిషాల కోసమైనా ఇలా చేసి చూడండి. ఒక్క జాగ్రత్త: పిల్లలు తప్పు చదివినప్పుడు మధ్యలో ఆపి దిద్దకండి, వాక్యం పూర్తికానివ్వండి. మాటమాటకీ ఆపితే కథ తెగిపోతుంది, రెండో రోజు చదవమంటే పిల్లలు తప్పించుకుంటారు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు నుంచి వచ్చి ఇంట్లో తమిళం మాట్లాడుకునే కుటుంబాలకూ, ఇంగ్లీషు మీడియంలో చదివి తెలుగు చదవడం నెమ్మదించిన అమ్మానాన్నలకూ ఈ విని చదివే పద్ధతే మేలు.

కథలు రెండు మూడు సంపుటాలు అయ్యాక నవల జోలికి వెళ్లండి. నవ్వుకోవాలంటే రంగనాయకమ్మ గారి 'స్వీట్ హోం'. విమల, బుచ్చిబాబుల సంసారం అది. ఇద్దరూ కలిసి చదువుకుంటే ఇంకా బాగుంటుంది. ఏకబిగిన చదివించేది కావాలంటే యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. ఇప్పటి అమ్మమ్మలు వారపత్రికల కాలంలో పడి చదివిన రచయిత్రి ఆమె. ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లుంటే ముగ్గురూ చదివి అందులోని కథానాయిక జయంతి గురించి మాట్లాడుకోండి. ముగ్గురి అభిప్రాయం ఒకటి కాదు. చరిత్ర ఇష్టమైతే మాలతీ చందూర్ గారి 'హృదయనేత్రి', ఓల్గా గారి 'గమనమే గమ్యం' ఉన్నాయి. రెండోది డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ జీవితం ఆధారంగా రాసినది. ఇటీవలి నవలల్లో మల్లీశ్వరి గారి 'నీల' తప్పక చదవాల్సింది. కాకపోతే లావు పుస్తకం, సంక్రాంతి సెలవుల దాకా ఆగండి.

ఎండ్లూరి మానస గారి 'మిళింద' కథలకు 2020లో అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. పదునైన కథలు. అవి పెద్దల కోసం రాసినవి కాబట్టి పిల్లల చేతికి ఇవ్వం, అమ్మానాన్నలే వచ్చి తీసుకోవాలి. ఇంగ్లీషులో సులువుగా చదవగలిగినవాళ్లకు బాను ముష్తాక్ గారి 'హార్ట్ ల్యాంప్' ఉంది. కన్నడంలో రాసిన 12 కథలకు దీపా భస్తి చేసిన ఇంగ్లీషు అనువాదం, 2025 అంతర్జాతీయ బుకర్ బహుమతి దీనికే. మన పొరుగునున్న కర్ణాటకలో హాసన్ వైపు ముస్లిం ఇళ్లలోని ఆడవాళ్ల కథలు ఇవి. బరువైనవి, రోజుకు ఒకటి చాలు. గీతాంజలి శ్రీ గారి 'టూంబ్ ఆఫ్ శాండ్' నవలకు 2022లో అదే బహుమతి వచ్చింది. ఎనభై ఏళ్ల ముసలామె అందులో నాయిక, కానీ మొదటి పుస్తకంగా మాత్రం వద్దు.

పిల్లలతో కలిసి చదవడానికి ఒక్క పుస్తకం అడిగితే 'రైలుబడి' అంటాను. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయానాగి తన చిన్ననాటి బడి గురించి రాసుకున్నది. పాత రైలు పెట్టెలే అక్కడ తరగతి గదులు. కొత్తగా చేరవచ్చిన చిన్నపిల్ల చెప్పే మాటల్ని ప్రధానోపాధ్యాయుడు గంటల తరబడి వింటాడు. ఆ బడిలో క్యారియర్‌కు ఒకే నియమం: కొండల నుంచి ఒకటి, సముద్రం నుంచి ఒకటి ఉండాలి. ఏదైనా లోటుంటే ఆయన భార్య గిన్నె పట్టుకొచ్చి వడ్డిస్తుంది. ఖరీదైనది తెచ్చారా, మామూలుది తెచ్చారా అన్న మాటే అక్కడ పుట్టదు. క్యారియర్ సర్దే ప్రతి అమ్మా ఆ అధ్యాయం చదవాలని నా కోరిక. పాకాలకు చెందిన కలువకొలను సదానంద గారి 'అడవితల్లి' కూడా పిల్లల అరలో ఉంది. 2010లో బాల సాహిత్య పురస్కారం పొందిన పుస్తకం. ఫోన్‌లో చదివించాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి. మీ పిల్లల తరగతి చూసి మెట్టు ఎంచకండి, ఒక పేజీ చదివించి చూడండి. ఐదు మాటలకన్నా ఎక్కువ చోట్ల ఆగితే ఒక మెట్టు కిందిది తీసుకోండి.

చదివే వేళ గురించి. మంచం మీద పడుకుని, చిన్న బల్బు వెలుగులో మొదలుపెడితే రెండో పేజీకే నిద్ర వస్తుంది. అది పుస్తకం తప్పు కాదు. రాత్రి భోజనాలకు ముందో, సాయంత్రం కాఫీ వేళో ఇరవై నిమిషాలు కేటాయించండి. ఆ ఇరవై నిమిషాలూ పిల్లల హోంవర్క్, తలుపు తీయడం, పొయ్యి మీద పాలు నాన్నల బాధ్యత. ఈ ఏర్పాటు లేకపోతే మిగతా సలహాలేవీ పనికిరావు, నాన్నలు దయచేసి గమనించాలి. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. రోజుకు 8 పేజీల లెక్కన 200 పేజీల పుస్తకం 25 రోజుల్లో పూర్తవుతుంది.

నలభై దాటినవాళ్లకు ఇంకో మాట. చదివితే తలనొప్పి వస్తోందని పుస్తకం మానేసేవాళ్లలో చాలామందికి ఉన్నది చత్వారమే. తెలుగు అచ్చులో అది ముందుగా ఒత్తుల దగ్గర బయటపడుతుంది. అక్షరం తెలుస్తుంది, కింద ఉన్న చిన్న ఒత్తు మసకబారుతుంది. పుస్తకాన్ని చేయి చాచినంత దూరం పెడితేనే ఒత్తులు విడివిడిగా కనబడుతున్నాయంటే కళ్లద్దాలు కావాలని అర్థం. పరీక్ష చేయించుకుని అద్దాలు వచ్చేదాకా పెద్ద అక్షరాల పుస్తకాలు విడిగా పెట్టి ఉంచాం, అడగండి.

పుస్తకం మీకే నచ్చి కొనాలనుకుంటే ఆలస్యం చేయకండి. తెలుగు కథల పుస్తకాలు చాలావరకు వెయ్యి ప్రతుల లోపే అచ్చవుతాయి, అవి అయిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తారో చెప్పలేం. తిరుపతిలో విశాలాంధ్ర లాంటి దుకాణాల్లో పుస్తకం పేరు, రచయిత్రి పేరు, ప్రచురణకర్త పేరు మూడూ రాసిన చీటీ ఇస్తే వెతికే పని తగ్గుతుంది. వాట్సాప్‌లో తిరిగే దొంగ పీడీఎఫ్‌లు పంచుకోకండి. అమ్ముడయ్యే ఆ కొద్ది ప్రతుల మీదే రచయిత్రి తర్వాతి పుస్తకం ఆధారపడి ఉంటుంది. కొనలేనివాళ్లు మీ దగ్గర్లోని ప్రభుత్వ శాఖా గ్రంథాలయంలో చేరండి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం.

బడి పుస్తకాల సంగతి: ఒక కార్డు మీద రెండు పుస్తకాలు, ఒకటి పెద్దలకు, ఒకటి పిల్లలకు. మామూలుగా గడువు 21 రోజులు. బ్రహ్మోత్సవాలకు మన ఊళ్లో ఏ ఇంటికైనా చుట్టాలు వస్తారు కాబట్టి ఈ విడత 30 రోజులు ఇస్తున్నాం. పేజీ చిరిగితే సెలోటేపు అతికించకండి. ఏడాది తిరిగేసరికి అది పసుపెక్కి, జిగురు పక్క పేజీకి పాకుతుంది. చిరిగిన ముక్కను ఆ పేజీలోనే పెట్టి ఇవ్వండి, మేం మైదాపిండి జిగురు, పలచని కాగితంతో అతికిస్తాం. వంటింటి గట్టు మీద మాత్రం పుస్తకం పెట్టకండి, నూనె మరక పోదు. పుస్తకం మీద ప్రశ్నలు, సారాంశాలు రాయమని ఎవరినీ అడగం. నచ్చకపోతే ముగించకుండానే తిరిగి ఇచ్చేయవచ్చు.

ఈ ఉత్తరం అడుగున ఉన్న చీటీ నింపి శుక్రవారం లోపు పిల్లల డైరీలో పెట్టి పంపండి. కార్డు ఎవరి పేరు మీద కావాలో అక్కడ రాయాలి. పిల్లల వివరాలకు వేరే గడి ఉంది. అమ్మల గడిలో 'ఫలానా వాళ్ల అమ్మ' అని వద్దు, మీ పేరు పూర్తిగా రాయండి. కార్డు మీద ఆ పేరే రాసి ఇస్తాం, బీరువా దగ్గర ఆ పేరుతోనే పిలుస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి