'సెట్' చేస్తాం సరే, ఎప్పుడు?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆదివారం సంచికలో 'సెట్' అనే ఇంగ్లిష్ మాటకి నాలుగు వందలకు పైగా అర్థాలున్నాయని, నిఘంటువులో అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టే మాట అదేనని ఒక చిన్న ముక్క వేశారు. కాయ కోతలో పడి ఇప్పుడు రాస్తున్నా. ఆ లెక్క పాతది సార్. 1989లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పు 20 సంపుటాల్లో వచ్చినప్పటి సంగతి అది. అప్పుడు క్రియగా సెట్‌కి 430 అర్థాలు ఇచ్చారు, ఆ ఒక్క మాట వివరణకే దాదాపు 60 వేల పదాలు పట్టాయి. తర్వాత సవరణల్లో 'మేక్', 'పుట్' దాన్ని దాటిపోయాయి, 2011 నాటికి 'రన్' 645 అర్థాలతో అన్నిటికంటే ముందుకు పోయింది. ఈ మాత్రం చూసుకుని వేయొద్దా? ఒకప్పుడు పేపర్లో అచ్చయిందంటే పిల్లలు నోటుబుక్కులో ఎక్కించుకునేవాళ్లు, ఇప్పుడు మేమే మీకు దిద్దాల్సి వస్తోంది.

అయినా ఆ నిఘంటువు వాళ్లు ఒక్కసారి మా పొదలకూరు వైపు వచ్చి ఉంటే సెట్‌కే మళ్లీ మొదటి స్థానం ఇచ్చేవాళ్లేమో. బోరు దగ్గర పంపుసెట్టు, బీరువాలో నగల సెట్టు, హోటల్లో సెట్ దోశ. సంబంధం కుదిరితే సెట్ అయింది, పిల్లాడికి బెంగళూరులో ఉద్యోగం వస్తే సెట్ అయ్యాడు, కొత్త చెప్పులు కరిస్తే సెట్ కాలేదు. ఎంసెట్‌ని 2021లో ఈఏపీసెట్ చేశారు కదా, దాని స్పెల్లింగ్ వేరు, పుట్టుక వేరు, తెలుగులో రాస్తే మాత్రం అదీ సెట్టే. ఆఖరికి తోటల అధికారి వచ్చి నిమ్మచెట్టు చూసి 'ఫ్రూట్ సెట్టింగ్ బాగుంది' అంటాడు. మా నాయన 'పిందె బాగా పట్టింది' అనేవాడు. పాలు తోడుకుంటాయి, పొద్దు గుంకుతుంది, సంబంధం కుదురుతుంది, ఒక్కోదానికి ఒక్కో మాట పెట్టుకున్న వాళ్లం మనం.

సరే, మాటలు వస్తుంటాయి, దానికి నాకు బాధ లేదు. నా మంటల్లా కరెంటు ఆఫీసు వాళ్ల సెట్టుతోనే. నిమ్మకి రేటు పలికే నడి ఎండల్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి చెట్లు వాడిపోతుంటే ఫోన్ చేశాం, "సెట్ చేస్తాంలే నా" అన్నారు. ఎవరు చేస్తారో లేదు, ఎప్పటికి చేస్తారో లేదు. పైన ఉన్నాయన దగ్గరికి పోతే "మాట్లాడి సెట్ చేస్తా" అన్నాడు, అంటే మాట్లాడతాడన్న మాట, అంతే. కింద ఉన్నాయన పక్కకి పిలిచి "కొంచెం చూసుకుంటే సెట్ అవుద్ది" అన్నాడు. దీని అర్థం ఆక్స్‌ఫర్డ్ వాళ్లకి తెలియకపోవచ్చు గానీ మా మండలంలో బడికి పోని వాళ్లకి కూడా తెలుసు. మరమ్మతు ఫలానా రోజుకి అవుతుంది అని చెబితే ఆ రోజు దాటాక నిలదీయొచ్చు. సెట్ చేస్తామన్న వాణ్ణి ఏమని నిలదీస్తాం?

మామూలు సిమెంటు బస్తాకి కూడా ఒక కట్టుబాటు ఉంది. నీళ్లు కలిపాక 30 నిమిషాల లోపు సెట్ అవడం మొదలవకూడదు, 600 నిమిషాలు దాటకుండా పూర్తవ్వాలి, భారత ప్రమాణాల్లో అలా రాసి ఉంది. పది గంటలు! జీతం తీసుకునే మనుషులకి మాత్రం ఏ గడువూ లేదు.

ఇక భాష సంగతి ఎత్తకపోతే మంచిది గానీ ఎత్తుతున్నా. తెలుగుని అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది 1966లో. భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన మా నెల్లూరాయన. ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రాన్ని మైసూరు నుంచి తెచ్చి వెంకటాచలంలో పెట్టుకున్నాం, సంతోషం. అదే జిల్లాలో మోటారు కనెక్షన్ అర్జీ మాత్రం ఇంగ్లిష్‌లో నింపాలంట, నింపడానికి జిరాక్స్ షాపాయనకి డబ్బులివ్వాలంట. అర్జీ ఇచ్చాక రసీదు అడిగితే మళ్లీ అదే మాట, "సెట్ చేస్తాం".

మీ విలేకరిని ఒకసారి ఆ ఆఫీసుకి పంపండి. ఫిర్యాదు ఏ తేదీన వచ్చింది, ఏ తేదీకి బాగు చేస్తారు, చేసే మనిషి ఎవరు, ఈ మూడూ తెలుగులో బోర్డు మీద రాసి బయట పెడతారేమో అడిగించండి. వాళ్లు ఏం చెప్పినా ఆ ఆదివారం ముక్క వేసిన చోటే వేయండి.

– ఒక నిమ్మ రైతు, పొదలకూరు మండలం, నెల్లూరు జిల్లా