వీడియో గేముల పట్టికలో మన పెట్టెలేవీ?

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో పాత వీడియో గేముల మీద వ్యాసం చదివాను. పక్కనే జపాన్ గేము కంపెనీల్లో నింటెండో మేలా, సెగా మేలా అని తేల్చిన పట్టికా చూశాను. బాగానే ఉంది గానీ, అందులో ఉన్న, టీవీకి తగిలించి ఆడే పెట్టెల్ని కర్నూలులో ఎంతమంది చూసి ఉంటారు? వన్‌టౌన్‌లో టీవీలు బాగుచేసుకుంటూ బతికినవాణ్ణి. నా బల్ల మీదికి వచ్చినవి సమురాయ్‌లు, లిటిల్ మాస్టర్లు, అసలు పేరే లేనివి ఇంకొన్ని. అన్నీ 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌కు నకళ్లే. సెగా మెగా డ్రైవ్‌ను షా వాలెస్ కంపెనీ వాళ్లు ఇక్కడ అమ్మిన మాట నిజమే. 18 వేలు పెట్టి ఆట సామాను కొనే ఇళ్లు మా వీధిలో లేవు.

నకలే కదా అని తీసిపారేయొద్దు. పోల్చి చూడాల్సింది వాటినే. ముందుగా వచ్చిన రకాలు విప్పితే ప్రాసెసరు ఒకటి, బొమ్మ గీసే చిప్పు ఒకటి, చెరో 40 కాళ్లతో విడివిడిగా కనిపిస్తాయి. చాలావాటిలో తైవాన్ యూఎంసీ కంపెనీ వాళ్ల చిప్పులు. ఒకటి పోతే ఇంకో చచ్చిన పెట్టెలోంచి ఊడదీసి వేసుకోవచ్చు. తర్వాత వచ్చిన చౌక రకాల్లో సరుకంతా బోర్డు మధ్యలో గట్టిపడిన జిగురులాంటి ఒక నల్ల బొట్టు కిందే. అది పోతే ఇక చేసేదేమీ లేదు. డబ్బా మీద మాత్రం 9999999 ఆటలని రాసి ఉంటుంది, లోపల తిప్పి తిప్పి అవే ఆటలు.

ఇప్పుడు కొందరు కుర్రాళ్లు అమెరికా నుంచి అసలు నింటెండో తెప్పించుకుంటున్నారు. అక్కడి 120 వోల్టుల అడాప్టర్ని మన 230 వోల్టులకు పెట్టి కాల్చుకుని, "అన్నా, లైటు కూడా వెలగడం లేదు" అంటూ వస్తారు. దాని క్యాసెట్టుకు 72 పిన్నులు, మన ఇళ్లలో ఉన్నవాటికి 60. మార్చే అతుకు కొంటే తప్ప మన క్యాసెట్టు ఆ పెట్టెలో పట్టదు, అక్కడిది మన పెట్టెలో పట్టదు. టీవీ తేడా ఇంకొకటి. అక్కడ సెకనుకు 60 సార్లు బొమ్మ మారితే మన దగ్గర 50. అక్కడి ఆటను అలాగే తెచ్చి మన టీవీకి తగ్గ నకలు పెట్టెలో ఆడితే ఆరో వంతు నెమ్మదిస్తుంది. మా వీధి పిల్లలు మారియోలో అంత మొనగాళ్లు కావడానికి ఇదీ ఒక కారణమేమో!

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డప్పుడు పాతబస్తీలో ఇలాంటి సామాను చాలా పోయింది. పోయిందంటే, జనం పారేశారు. బురద పట్టిన క్యాసెట్లు కొన్ని నేను తెచ్చుకున్నాను. విప్పి, మంచినీళ్లతో కడిగి, నీడన బాగా ఆరనిచ్చి, పిన్నుల్ని స్పిరిట్‌తో తుడిస్తే చాలావరకు లేచి కూర్చున్నాయి. ఆట ఫ్యాక్టరీలోనే చిప్పులోకి ఎక్కి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తడిస్తే చెరిగిపోదు. అడాప్టర్లు మాత్రం ఒక్కటీ దక్కలేదు. అన్నట్టు, క్యాసెట్టులో నోటితో ఊదే అలవాటు ఇంకా ఉన్నవాళ్లు మానుకోండి. ఆ తేమకే పిన్నులు చిలుము పడతాయి.

మీ పట్టికలో అసలే లేనిది పాత డబ్బా టీవీలోని పిక్చర్ ట్యూబు. అది లేకపోతే కొన్ని ఆటలు నడవవు. తెర మీది బాతుల్ని కాల్చే ఆట ఉంది కదా, దాని గన్ను లోంచి ఏదీ బయటికి పోదు. చూసేది గన్నే. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం వెలుగుతుంది. గన్ను గొట్టంలోని కంటికి ఆ వెలుగు అప్పటికప్పుడే కనబడితేనే బాతు పడుతుంది. ఎల్ఈడీ టీవీ బొమ్మను సర్దుకుని చూపించేసరికి ఆ క్షణం దాటిపోతుంది. గన్ను పాడైందని ఎందరో నా దగ్గరికి తెస్తారు. షాపులో ఉంచుకున్న పాత డబ్బా టీవీకి పెట్టి చూపిస్తే బాతు టపీమని పడుతుంది. ఆ టీవీలనేమో పాత సామాన్లవాళ్లు రాగి కోసం పగలగొట్టేస్తున్నారు.

మళ్లీ పట్టిక వేస్తే మూడు గడులు కలపండి: చిప్పులు విడివిడిగా ఉన్నాయా, బొట్టు కిందా; 60 పిన్నులా, 72 పిన్నులా; డబ్బా టీవీ లేకుండా ఏ ఆట నడవదు. సంక్రాంతికి అటకలు దులిపే మీ పాఠకులు ఆ పెట్టెను తూకానికి వేసేముందు అడుగున స్క్రూలు విప్పి ఒకసారి లోపల చూడాలని నా మనవి.

– ఒక టీవీ మెకానిక్, వన్‌టౌన్, కర్నూలు