లాంగ్ బెల్ తర్వాత

తల్లిదండ్రులకు నమస్కారం.

దసరా సెలవులకు ముందు రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నా గదికి వచ్చింది. అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్తున్నారట, అక్కడ సిగ్నల్ సరిగా ఉండదట. "మేడమ్, ఒక్క నిమిషం మీ ఫోన్ ఇస్తారా? ఫ్రెండ్‌కి నా పాస్‌వర్డ్ చెప్పాలి, ఇవాళ స్కూల్‌కి రాలేదు" అంది. ఏం పాస్‌వర్డమ్మా అంటే, స్నాప్‌చాట్‌ది. ఈ పిల్ల ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఆ పిల్ల ఇద్దరి తరఫునా రోజూ ఫోటోలు పంపాలి. లేకపోతే స్ట్రీక్ పోతుంది.

తెలియని వారికోసం చెబుతున్నాను. స్నాప్‌చాట్ అంటే ఫోటోలు పంపుకునే యాప్. ఇద్దరు స్నేహితులు 24 గంటల్లోపు ఒకరికొకరు ఫోటోనో వీడియోనో పంపుకుంటూ ఉంటే పేరు పక్కన మంట బొమ్మ, దాని పక్కన ఎన్ని రోజులైందో అంకె కనిపిస్తాయి. అదే స్ట్రీక్. గడువు దగ్గరపడితే ఇసుక గడియారం బొమ్మ వస్తుంది. ఒక్కరోజు తప్పినా అంకె పోతుంది. ఎన్నో రోజు అని అడిగాను. "మూడు వందల పన్నెండు" అంది, తడుముకోకుండా. ఆ అమ్మాయికి తన అడ్మిషన్ నంబరు ఏనాడూ గుర్తుండదు. అన్ని రోజులు ఏం ఫోటోలు పంపుకున్నారే అని నిజంగానే ఆసక్తిగా అడిగాను. "ఏదైనా పర్లేదు మేడమ్. ఎక్కువగా సీలింగ్ ఫ్యాన్" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు అదే ఆలోచన. స్నేహం ఆగకూడదన్న ఆరాటం ఎప్పుడూ ఉన్నదే. దాన్ని అంకెలో చూపించి, ఇవాళ పంపకపోతే పోతుందని రోజూ భయపెట్టేవాడు మాత్రం ఇంతకుముందు లేడు.

పిల్లలు ఫోన్ ఎన్ని గంటలు చూస్తున్నారన్నదే మనమందరం లెక్కేస్తున్నాం. మీటింగుల్లో నేనూ అదే చెప్పేదాన్ని. ఇప్పుడు నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది వేరే. బడి మూడూ నలభై ఐదుకు అయిపోతుంది, లాంగ్ బెల్ కొడతాం. మా చిన్నప్పుడు క్లాసులో జరిగిన గొడవలకు కూడా అదే లాంగ్ బెల్. ఎంత పోట్లాడుకున్నా ఇంటికెళ్లి, తిని, పడుకుని, మర్నాడు ప్రేయర్ దగ్గరికి వచ్చేసరికి సగం మరిచిపోయేవాళ్లం. ఇప్పుడు గొడవ బ్యాగుతో పాటే ఇంటికి వస్తోంది. రాత్రి పదకొండింటికి ముదిరి, పొద్దున్న ఏడున్నరకల్లా ఎవరు ఎవరి పక్షమో తేలిపోతోంది. ఫస్ట్ పీరియడ్‌లో ఇద్దరు పిల్లలు దూరదూరంగా కూర్చుంటే మా క్లాస్ టీచర్‌కు కారణం తెలియదు, ఎందుకంటే అది బళ్లో జరగనే లేదు. ఈ ఏడాది నా గదిలో ఏడ్చిన పిల్లలు ఎక్కువమంది చెప్పిన మాట ఒకటే: "గ్రూపులోంచి తీసేశారు మేడమ్."

ఇందులో మా తప్పు కూడా ఉంది. పోయినేడాది ఎనిమిదో తరగతి పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లాం. ఆ పెద్ద గడియారంలోంచి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే సమయానికి అందరూ మెడలు సాచి చూస్తుంటే ఒక టీచర్ ఫోటో తీశారు. చక్కటి ఫోటో. స్కూల్ పేజీలో పెట్టాం. దాని కింద ఎవరో, మన స్కూల్ పిల్లలే అయ్యుండాలి, ఒక అబ్బాయి పళ్ల గురించి ఒక కామెంట్ పెట్టారు. దానికి ఇంకొందరు నవ్వే బొమ్మలు తగిలించారు. మేం గమనించి తీసేసేసరికి రెండు రోజులైంది. ఈ ఏడాది క్లాస్ ఫోటో తీసే రోజు చూశాను, ఆ అబ్బాయి నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. ఫోటోగ్రాఫర్ చెయ్యి తియ్యి నాన్నా అని రెండుసార్లు చెప్పాడు. తీసి, మూతి బిగించుకుని నిలబడ్డాడు.

ఫోటోలు పెట్టుకోవచ్చని అడ్మిషన్ ఫారంలో మీరంతా సంతకం చేశారు. పిల్లవాణ్ణి మాత్రం ఎవరమూ అడగలేదు. 2023లో మన దేశంలో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, వారి కదలికల్ని గమనిస్తూ ప్రకటనలు గురిపెట్టడం కుదరదంటుంది. చట్టం మీ అనుమతి దగ్గర ఆగింది. మేం ఇంకో అడుగు వేసి పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలు ఇకమీదట పేజీలో పెట్టకూడదని నిర్ణయించాం. పుట్టినరోజులకు, ర్యాంకులకు మీరు పెట్టే స్టేటస్‌ల గురించి నేను చెప్పడం బాగుండదు. పదో తరగతి పిల్లలు మాత్రం తమను అడక్కుండా పెట్టొద్దని చాలా గట్టిగానే చెబుతున్నారు.

మొన్నటి మీటింగులో ఒక నాన్నగారు అడిగారు: "ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా ఆపేశారు కదా మేడమ్, ఇక్కడా బ్యాన్ చేస్తే పోలా?" అక్కడ 2025 డిసెంబరు 10 నుంచి ఆ చట్టం అమల్లోకి వచ్చిన మాట నిజమే. మనకూ ఒక బ్యాన్ అనుభవం ఉంది. 2020 జూన్ చివర టిక్‌టాక్ ఆగిపోయింది. నెల తిరక్కుండానే ఇన్‌స్టాగ్రామ్‌లో అలాంటి చిన్న వీడియోలే రీల్స్ పేరుతో వచ్చాయి, పిల్లలు అటు మళ్లారు. పైగా అవి కొవిడ్ రోజులు. ఆన్‌లైన్ క్లాసులకని ఆరో తరగతి పిల్లల చేతికి ఫోన్ ఇప్పించింది, వాట్సాప్ గ్రూపుల్లో చేర్చింది మేమే. ఇప్పుడు మొత్తం తప్పు పిల్లల మీదికి నెట్టడానికి నాకు మొహం చెల్లదు.

మీలో చాలామందికి ఆర్కుట్ గుర్తుండే ఉంటుంది, మన అప్పటి సోషల్ మీడియా. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో నెట్ కేఫ్‌లో గంటకింత అని కట్టి, స్క్రాప్‌లు, అంటే చిన్న మెసేజ్‌లు, రాసుకుని, టైమ్ అయిపోతే లేచి వచ్చేసేవారు. లేపడానికి కేఫ్ అతను ఉండేవాడు. ఇప్పుడు పేజీకి అడుగు లేదు, వేలితో తోస్తున్నకొద్దీ కింద ఇంకోటి వస్తూనే ఉంటుంది. ఈ అంతులేని స్క్రోల్‌ను 2006లో తయారుచేసిన అజా రాస్కిన్ అనే డిజైనర్ తర్వాత దానికి తానే పశ్చాత్తాపపడ్డాడు. పెద్దవాళ్లం మనమే ఆపలేకపోతున్నాం. మా ఇంట్లో రాత్రి వంటల వీడియోలు చూస్తూ పాలు పొంగబెట్టేది నేనే.

మీరు ఈ వారంలో చేయగలిగిన పని ఒకటుంది. పిల్లల పక్కన కూర్చుని, వాళ్ల అకౌంట్‌లో పుట్టిన సంవత్సరం ఏం వేసుకున్నారో చూడండి. మన తరంలో బళ్లో చేర్పించేటప్పుడు మాస్టారే ఏదో ఒక జూన్ తేదీ వేసేసేవారు, అందుకే సర్టిఫికెట్లలో ఇంతమందికి జూన్‌లో పుట్టినరోజు. ఇప్పుడు ఆ పని పిల్లలే చేసుకుంటున్నారు. మా రిజిస్టర్‌లో 2012లో పుట్టిన అబ్బాయి ఇన్‌స్టాలో 2003లో పుట్టాడు. 13 నిండనిదే అకౌంట్ ఇవ్వరు కాబట్టి అబద్ధం అక్కడ మొదలవుతుంది. నష్టం తర్వాత తెలుస్తుంది. 18లోపు వారి అకౌంట్లను ఇన్‌స్టాగ్రామ్ తనంతట తానే ప్రైవేట్‌లో పెడుతోంది, ముక్కూ మొహం తెలియని వాళ్లు మెసేజ్ పెట్టకుండా చూస్తోంది. 2003లో పుట్టినవాడు దాని దృష్టిలో పెద్దమనిషి, అతనికి ఆ కాపలా ఉండదు. సరిచేసేటప్పుడు దయచేసి తిట్టకండి. తిడితే ఇంకో అకౌంట్ తెరుస్తారు, అది మీకు కనబడదు.

ఫోటోలతో ఎవరైనా బెదిరిస్తే పిల్లలు ముందు భయపడేది మీకే, బెదిరించిన వాడికి కాదు. ఆ సంగతి మనసులో ఉంచుకోండి. 1098 పిల్లల హెల్ప్‌లైన్, 1930 సైబర్ నేరాలది. చాట్‌లు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి.

అన్నీ చెడ్డవే అనుకుంటారేమో. తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఆదివారాలు నాన్నతో అమీన్‌పూర్ చెరువుకు వెళ్లి పక్షుల ఫోటోలు తీస్తాడు. పేరు తెలియని పిట్టను ఒక పక్షి ప్రేమికుల గ్రూపులో పెడితే ఎవరో పెద్దాయన ఓపిగ్గా చెబుతారట. మా బయాలజీ టీచర్‌కు తెలియని పిట్టలు వాడికి తెలుసు. క్లాసులో పెదవి విప్పని పిల్లవాడు.

ఇక మేం మార్చుకుంటున్నవి. సోమవారం నుంచి హోంవర్క్ మళ్లీ డైరీలోనే రాయిస్తాం. "హోంవర్క్ చూడాలి, ఫోన్ ఇవ్వమ్మా" అన్న సాకు మా నుంచి మాత్రం ఉండదు. సాయంత్రం ఏడు దాటాక క్లాస్ గ్రూపుల్లో టీచర్లు ఏమీ పెట్టరు. ఆ తర్వాత వచ్చే గుడ్‌నైట్ పువ్వులు మీవి, వాటి సంగతి మీరే చూసుకోవాలి. డైరీలో రోజూ మీ సంతకం కావాలి, పిల్లలు చేసినది కాదు, మీది. నేను పోల్చుకోగలను.

ఈ ఏడాది క్లాస్ ఫోటోలు ప్రింట్ వేయించి మెట్ల పక్క గోడకు తగిలించాం. ఇంటర్వెల్‌లో పిల్లలు గుంపుగా చేరి ఎవరెక్కడున్నారో వెతుక్కుంటున్నారు. అద్దం మీద వేలిముద్రలు పడుతున్నాయని ఆయమ్మ రోజూ గొణుగుతోంది. శనివారం పది గంటలకు మీటింగ్‌కు వచ్చినప్పుడు మీరూ చూడండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు